అలవాటు వారాలు

ప్రయోగశాల, మేడ మీది గది
సోమవారం

చిరంజీవి తమ్ముడికి,

ఏం తినకుండా ఉంటే నువ్వు నిజంగానే చిరంజీవివి అవుతావో చెప్పగల అక్క రాసేది. నువ్వు వినవని తెలుసు. పొద్దున లేస్తే ఊరందరికీ వెన్న రాసిన రొట్టెలు పెట్టే బేకరీ వాడివి. మనిద్దరం ఒక తల్లి కడుపున ఎలా పుట్టామో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఫోను చేద్దామంటే పిండి కలిపే మిషను రొద నీ చెవుల్ని ఎప్పుడో తినేసింది. నేను ఇక్కడ అరిస్తే పక్క గది వాళ్ళు కంగారుగా పరుగెత్తుకొస్తున్నారు. ఉత్తరమే నయం.

విషయం ఏమిటంటే, ఇన్నేళ్ళూ చిట్టెలుకల మీద చేసిన పని ఇప్పుడు మనుషుల దాకా వచ్చింది. అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళలో కొందరు రోజూ తినేదాంట్లో నాలుగో వంతు తగ్గించి తింటారు. మిగతావాళ్ళు మామూలుగా తింటారు. ఎవరు గట్టిగా ఉంటారో, ఎవరు ఎక్కువ కాలం ఉంటారో ఏళ్ళ తరబడి చూస్తాం. నా ఎలుకల గదులు నువ్వు చూస్తే నమ్మేవాడివి. తక్కువ తినే గదిలో ఒక ముసలిది ఇంకా చక్రం తిప్పుతూనే ఉంది. పక్క గదిలో కడుపునిండా తిన్న దాని ఈడువి ఎప్పుడో పోయాయి. నేనూ ముప్పై ఏళ్ళుగా ఆ ముసలిదాని లెక్కలోనే తింటున్నాను.

ఉన్నట్టుండి తిండి తగ్గిస్తే అవి చచ్చిపోవా అని పోయినసారి అడిగావు. అందుకే ఒక్కసారిగా తగ్గించం. మొదటి కొన్ని వారాలు కొద్దికొద్దిగా కోస్తాం. వాటిని మేం అలవాటు వారాలు అంటాం. ఆ వారాల్లో కొన్ని పోతాయి, నిజమే. వాటిని లెక్కలోకి తీసుకోం. అప్పటికి అసలు ప్రయోగం మొదలైనట్టు కాదు కదా. మనుషులకీ అదే పద్ధతి.

ఒక్కటే దిగులురా. మీ ఊళ్ళో పెద్దాసుపత్రి వెనక మాకొక కేంద్రం ఉంది. దానికి మనుషులు రావటం లేదు. నీ రొట్టెల మహిమే అయి ఉంటుంది. నెలాఖరుకి సరిపడా చేరకపోతే దాన్ని మూసేస్తారు. అది మూతపడితే మొత్తం పని కుంటుపడుతుంది. ఈ వయసులో నాకు ఇంకో ప్రయోగం ఎవరూ ఇవ్వరు.

మరదలిని అడిగానని చెప్పు. నన్ను కట్టెపుల్ల అన్నందుకు ఇంకా కోపంగానే ఉన్నానని కూడా చెప్పు.

మీ అక్క


బేకరీ మీది ఇల్లు
ఆదివారం, కొట్టు మూశాక

అక్కకి,

నమస్కారాలు. జవాబు రాయటానికి నెల దాటింది, తిట్టుకోకు. నీ ఉత్తరం మీ మరదలికి గట్టిగా చదివి వినిపించాను. కట్టెపుల్ల దగ్గర పడీ పడీ నవ్వింది. కేంద్రం మూసేస్తారన్న దగ్గర మాత్రం నవ్వు ఆపి, "పాపం వదిన. ఇంతా చేసి మనుషులు దొరక్క ఆగిపోవటమేంటండీ" అంది. తర్వాత ఆ మాటే మర్చిపోయింది.

నా బాధ వేరే ఉంది. మీ మరదలు నా రొట్టె మీద అలిగింది. ప్రతి వాయిలోనూ మొదటి రొట్టె చివరి ముక్క, ఆ కరకరలాడేది, పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ వాటా. ఎవరైనా ముట్టుకుంటే చెయ్యి విరగ్గొట్టేది. ఇప్పుడు పళ్ళెంలో అలాగే ఉంచేస్తోంది. ఉప్పు ఎక్కువైందా అంటే లేదంటుంది. బట్టీ పక్కన మేమందరం చెమటలు కక్కుతుంటే ఈవిడ స్వెట్టరు వేసుకుని నిలబడుతుంది. పిండి గదికి దిగే మెట్ల మీద సగంలో ఆగి గోడ పట్టుకుంటుంది. ఏమైందే అంటే, "మీ పని మీరు చూసుకోండి" అని కసురుతుంది. మనిషి చిక్కింది కూడా. పైగా వారానికోసారి కుట్టు నేర్చుకోవటానికంటూ వెళ్తుంది. ఇంతవరకు ఒక్క రుమాలు కూడా కుట్టి తేలేదు.

నువ్వు శాస్త్రవేత్తవి కదా. ఈ జబ్బుకి పేరేంటో చెప్పు.

నీ తమ్ముడు


ప్రయోగశాల, మేడ మీది గది
గురువారం

ఒరేయ్ అలకల మొగుడా,

నీ వర్ణన చదివి నవ్వాగలేదు. చలి, మెట్ల మీద ఆయాసం, చిరాకు. మా దగ్గర అలవాటు వారాల్లో ఉన్నవాళ్ళు కూడా అచ్చం ఇవే చెప్పుకుని ఏడుస్తున్నారు. మీ ఆవిడ దొంగతనంగా మా ప్రయోగంలో చేరిందేమో అనుకున్నాను ఒక్క క్షణం. ఆ వీలు లేదులే. మాలో ఎవరి బంధువుల్నీ తీసుకోకూడదని నియమం పెట్టింది నేనే. కాబట్టి అది కాదు. వయసురా, వయసు. థైరాయిడ్ పరీక్ష చేయించు. కుట్టు సంగతి మాత్రం నువ్వే కనిపెట్టుకో, శాస్త్రం అంత దూరం రాలేదు.

ఇక్కడ నేను నేల మీద లేను. మీ ఊరి కేంద్రం నిలబడింది. గడువు ముగిసే ముందు రోజు చివరి మనిషి వచ్చి చేరిందట. ఎవరో పుణ్యాత్మురాలు. ఎప్పుడైనా కనిపిస్తే ఆవిడ చేతులు పట్టుకుని దండం పెట్టాలనుంది. మా నియమం ప్రకారం ఆవిడ ఎవరో నాకు తెలియకూడదు. నంబరు మాత్రమే.

మరదలిని ముద్దు చేయకు, వేళకి మందులు మింగించు.

అక్క


ప్రయోగశాల
మంగళవారం

తమ్ముడికి,

నీ జవాబు రాలేదు. పండుగ ఆర్డర్లేమైనా ఎక్కువగా ఉన్నాయేమోలే. పరీక్ష చేయించావా?

ఈ వారం మాకొక గండం గడిచింది. ఎవరితోనైనా చెప్పుకుంటే గానీ కుదుట పడను. మీ ఊరి కేంద్రంలోనే, తక్కువ తినే గుంపులో ఒకావిడ మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుందట. సమావేశంలో నంబరు చదివి అందరూ నా వంక చూశారు. తీరా చూస్తే ఇంకా అలవాటు వారాల్లోనే ఉంది, అసలు లెక్క మొదలవటానికి ఇంకో వారం ఉంది. "తీసేయండి" అన్నాను. టీ తాగుతూ తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయాం. అదే ఇంకో వారం ఆగి పడి ఉంటే, మా గుంపులో మొట్టమొదటి ప్రమాదమని రాసుకోవాల్సి వచ్చేది. నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళకి పండగే. అదృష్టం మన పక్షాన ఉందిరా.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క


బేకరీ మీది ఇల్లు

అక్కా,

ఆసుపత్రి నుంచి బట్టల కోసం ఇంటికొస్తే గుమ్మంలో నీ ఉత్తరం ఉంది. అక్కడే నిలబడి చదివాను.

ఆ ఒకావిడ మీ మరదలు.

పిండి గది మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు నా చెయ్యి పట్టుకుని అంతా చెప్పింది. కుట్టు లేదు, ఏమీ లేదు. మీ కేంద్రానికి వెళ్ళేది. బంధువులెవరూ లేరని చెప్పి చేరింది. "ఏవండీ, వదినకి తెలియనివ్వకండి. నేను అబద్ధం చెప్పి చేరానని తెలిస్తే ఆవిడ పనంతా చెడిపోతుంది. ఒక్క మనిషి తక్కువైతే మూసేస్తారంది కదా. ప్రయోగం ముగిశాక నేనే వెళ్ళి చెప్తా, ఆవిడ మొహం చూడాలి" అంది. అందుకే నీకు కబురు చేయలేదు.

ఆపరేషను బాగానే అయిందన్నారు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయిందట. నిన్న పొద్దున నీళ్ళు అడిగింది. నేను గ్లాసు పట్టుకొచ్చేలోపు పోయింది.

అంతా అయిపోయింది. మీ అక్కకి ఫోను చేయిస్తానని పక్కింటావిడ అంది. వద్దన్నాను. నీ ఉత్తరం అప్పటికే నా జేబులో ఉంది.

ఇంకో వారం ఆగి పడాల్సింది, అక్కా. అప్పుడైనా రాసుకునేదానివి.

ఇక్కడికి రాకు.


ప్రయోగశాల

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఎంతసేపు అలా కూర్చున్నానో తెలీదు. గది ఊడ్చే ఆమె వచ్చి, "అమ్మా, లైటు వెయ్యనా" అన్నప్పుడు చీకటి పడిందని తెలిసింది.

తీసేయండి అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా చేతిలో టీ కప్పు ఉంది. ఆ కప్పు ఇప్పుడు కూడా బల్ల మీదే ఉంది, దాని వంక చూడలేకపోతున్నాను. నువ్వు ముందే రాశావు. చలి అన్నావు, మెట్లు అన్నావు, చిక్కింది అన్నావు. ఆ మాటలకి అర్థం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నవ్వాగలేదని రాశాను నేను.

స్టేషను దాకా వెళ్ళాను. టికెట్టు కూడా తీసుకున్నాను. బండి వచ్చింది, ఎక్కలేదు. నువ్వు రావద్దన్నావని కాదు. నీ మొహం చూడాలంటే భయమేసింది.

తిరిగొచ్చి తిన్నగా ఎలుకల గదికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో అలవాటు వారాల్లో పోయినవన్నీ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. ఎందుకో ఎప్పుడూ చూడలేదు. లెక్కలో లేనివాటితో పనేముందని ఊరుకున్నాను. లెక్కలు చూసే ఆయన్ని కూర్చోబెట్టి, అన్నిటినీ తిరిగి చేర్చమన్నాను. కడుపునిండా తినే వైపు పోయినవి ఏవో కొద్దిగా ఉన్నాయి. తిండి కోసిన వైపు వస్తూనే ఉన్నాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎక్కడో తప్పు కొట్టుంటాను మేడమ్, మళ్ళీ వేస్తాను" అన్నాడు. మళ్ళీ వేశాడు. అదే వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. ఆకలికి తట్టుకోలేనివన్నీ మొదట్లోనే పోయాయి. మొండివి మిగిలాయి. మొండివి కాబట్టి ఎక్కువ కాలం బతికాయి. నేను ఆ మిగిలినవాటిని చూపించి, చూశారా, ఆకలి ఆయుష్షు పెంచుతుంది అన్నాను. పోయినవాటిని కలిపి చూస్తే రెండు గదులకీ తేడా ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు నేను ఊరూరా తిరిగి చెప్పిన సంగతి ఇది. అలాంటి ముసలి ఎలుకల్ని చూసి నేనూ నా నోరు కట్టుకున్నాను.

మరదలిని లెక్కలో చేర్చాలని సమావేశంలో అడిగాను. మా డైరెక్టరు నెమ్మదిగా, జాలిగానే మాట్లాడాడు. "మీ బాధ మాకు అర్థమైంది. కానీ ఆవిడ అలవాటు వారాల్లోనే పోయారు. పైగా మీ బంధువు, అసలు చేరటమే చెల్లదు. రెండు నియమాలూ అడ్డొస్తున్నాయి కదా మేడమ్" అన్నాడు. రెండూ నేను రాసినవే. లేచి వచ్చేశాను.

నన్ను తిట్టు. ఏదో ఒకటి రాయి.

అక్క


బేకరీ
శనివారం

అక్కా,

ఎలుకల సంగతి నాకొద్దు.

నిన్న మీ కేంద్రానికి వెళ్ళాను. ఎందుకో నాకే తెలీదు. ఆవిడ కూర్చున్న చోట కాసేపు కూర్చోవాలనిపించింది. బల్ల దగ్గరున్న అమ్మాయి మర్యాదగానే అడిగింది. నేను చెప్పింది విని వెతికింది. "ఆ పేరు మా దగ్గర లేదండీ. మీరు చెప్పే ఆవిడ ఇక్కడ చేరలేదు" అంది. నా చెవులు సరిగా వినలేదేమో అనుకుని మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పింది. వారం వారం స్వెట్టరు వేసుకుని ఆ మెట్లెక్కి వచ్చిన మనిషి అక్కడికి రానే లేదట. బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. ఎటు వెళ్ళాలో తోచలేదు.

నిన్నొక్కదాన్నే అనటానికి నాకూ నోరు రావటం లేదు. ఒకే కప్పు కింద ఉన్నవాణ్ణి. రొట్టె ముక్క వదిలేస్తే నా మీద అలిగింది అనుకున్నాను. అడిగి కసిరించుకుని, నవ్వుకుని పడుకున్నాను.

ఇప్పుడు చెప్పు. ఆ అలవాటు వారాల్లో ఇంకా ఎంతమంది ఉన్నారు? వాళ్ళలో ఎవరు గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నారో నీకు తెలుసా? వాళ్ళ ఇంట్లోవాళ్ళకి తెలుసా? నువ్వు నాకు పేజీలకి పేజీలు రాశావు. వాళ్ళకి ఒక్క ముక్క రాయలేదు.

వాళ్ళందరికీ ముందు తిండి పెట్టించు. తర్వాత మీ పెద్దలందరి ముందూ నిలబడి, మా ఆవిడ చేరింది, తక్కువ తిన్నది, పోయింది అని చెప్పు. ఆ రెండూ చేసేదాకా నాకు ఉత్తరం రాయకు.


ప్రయోగశాల
చాలా రోజుల తర్వాత

తమ్ముడూ,

రెండూ చేశాను. అందుకే రాస్తున్నాను.

మొదటిది త్వరగానే అయింది. డైరెక్టరు ఒప్పుకునేదాకా ఆగలేదు. కేంద్రాల్లో తెలిసినవాళ్ళ సాయంతో పేర్లు తీసుకుని ఫోన్లు చేయించాను, కొందరి ఇళ్ళకి నేనే వెళ్ళాను. అందరినీ మామూలుగా తినమన్నాం. ఒకాయన తలుపు తీసి, మేం చెప్పింది విని, లోపలికి తిరిగి, "ఏమేవ్, ఇక తినొచ్చట" అని భార్యని కేకేశాడు. లోపల్నుంచి ఆవిడ ఏడుపు వినిపించింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ప్రయోగం ఆగిపోయింది.

రెండోది పోయిన వారం. ఏటా జరిగే పెద్ద సభే. ఎప్పుడూ నాకు ముందు వరసలో కుర్చీ వేస్తారు. నేను ఆ కుర్చీలోంచి లేచి మైకు దగ్గరికి వెళ్ళాను. తెర మీద వేయటానికి తయారుచేసిన బొమ్మలేవీ చూపించలేదు. అలవాటు వారాల్లో పోయిన ఎలుకల్ని కలిపితే ఏం వచ్చిందో చెప్పాను. తర్వాత మనుషుల దగ్గరికొచ్చాను. "ఈ ప్రయోగంలో ఒక స్త్రీ మరణించింది. తక్కువ తినే గుంపులో ఉంది. నేను ఆమెని లెక్కలోంచి తీసేయమన్నాను. ఆమె మా తమ్ముడి భార్య. నాకు మనుషులు తక్కువయ్యారని విని చేరింది" అన్నాను. ఆమె పేరు చెప్పాను. పేరు చెప్పటం నియమానికి విరుద్ధం. చెప్పాను.

నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళని రాశానే, వాళ్ళు కూడా తల దించుకున్నారు. వెనక వరసలోంచి నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతి లేచింది. ఇప్పుడు తనకి సొంత ప్రయోగశాల ఉంది. "మీ మాట నమ్మి మా అమ్మకి కూడా ఇదే తిండి పెడుతున్నాను మేడమ్" అంది. అంతే అని, సంచి తీసుకుని ఇంటికి ఫోను చేయటానికి బయటికి పరుగెత్తింది. ఆ మాట నన్ను వదలటం లేదు. నా మాట ఎంతమంది ఇళ్ళల్లోకి వెళ్ళిందో నాకే తెలియదు.

వేదిక దిగుతుంటే మెట్ల దగ్గర కాస్త కళ్ళు తిరిగాయి. కూర్చుంటే ఎవరో నీళ్ళిచ్చారు. అదేం లేదు, నిలబడి మాట్లాడిన అలసట. ప్రయోగశాల మూసేస్తున్నారు, నన్ను వెళ్ళమన్నారు. అది న్యాయమే. పెట్టెలు సర్దుకుంటున్నాను. గదిలో చలి ఎక్కువగా ఉంది, వేళ్ళు కొంకర్లు పోతుంటే ఈ ఉత్తరం ఆగి ఆగి రాస్తున్నాను.

నిన్ను ఏమీ అడగను. రమ్మని పిలవమని అసలే అడగను. చెప్పమన్నావు, చెప్పాను.

అక్క


బేకరీ
మధ్యాహ్నం

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆవిడ పేరు చెప్పానన్న దగ్గర ఆగి ఏడ్చాను. కొట్లో జనం ఉన్నారని కూడా చూసుకోలేదు. ఆవిడ చేరింది, తక్కువ తిన్నది, పోయింది. ఇప్పుడు ఆవిడ రానే లేదని ఎవరూ అనలేరు. దానికి నీకు దండం పెడతాను. నీ మీద కోపం పోయిందని మాత్రం రాయలేను. పోలేదు.

రెండోసారి చదివినప్పుడు చివరి పేజీని వేలు పెట్టి మళ్ళీ చదివాను. మెట్ల దగ్గర కళ్ళు తిరిగాయన్నావు. చలి అన్నావు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయన్నావు. మళ్ళీ నువ్వే అదేం లేదన్నావు. ఊరందరికీ తినమని చెప్పావే, నువ్వు తింటున్నావా? ముప్పై ఏళ్ళుగా తక్కువే తింటున్నానని నువ్వే రాశావు. అదేదో గొప్ప అనుకుని నేను ఒక్కసారైనా అడగలేదు.

నిన్ను కూడా పోగొట్టుకుంటే ఈ కోపం ఎవరి మీద పెట్టుకోను? నాకింకెవరున్నారు?

కొట్టు మూయించాను. సాయంత్రం బండికి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం ముందొస్తుందో నేను ముందొస్తానో తెలీదు. మీ పక్క గది వాళ్ళకి పక్కింటావిడ చేత ఫోను చేయిస్తున్నాను, వాళ్ళేదైనా పెడితే పేచీ పెట్టకుండా తిను. పెట్టెలు సర్దకు. నేను వచ్చేదాకా మేడ మెట్లు దిగకు.

తమ్ముడు